చపాట కారంతో కేజన్ చికెన్ పాస్తా: వంటింటి ప్రాజెక్టు డైరీ

అనుకున్నది ఇది

మార్చిలో పెద్దోడి ఇంటర్ పరీక్షలు అయిపోతున్నాయి. ఆ రాత్రికి వాడు అడిగింది క్రీమీ కేజన్ చికెన్ పాస్తా, అంటే ఎర్రటి అమెరికన్ మసాలా పొడి పట్టించిన చికెన్‌తో క్రీమ్ సాస్ పాస్తా. బయట నుంచి తెప్పించడం నాకు ఇష్టం లేదు. డబ్బా హన్మకొండలో మా ఇంటికి చేరేలోపు సాస్ మొత్తం పాస్తా పీల్చేసుకుని ముద్ద కడుతుంది. చికెన్‌కు పైన కారం, లోపల చప్పదనం. కాబట్టి ఇంట్లోనే. కాకపోతే ఆ రోజు పొద్దున లేచి వీడియో చూసి చేసే పని కాదు. పొడి, చికెన్, పాస్తా, సాస్ అని విడదీసి, ఒక్కోదాన్ని ముందే చేసి చూసి, నాలుగూ కుదిరాకే కలపాలని నిర్ణయించుకున్నాను.

నాకు కావలసిందేమిటో ముందే రాసిపెట్టుకున్నాను. పళ్లెంలో వడ్డించాక తినేంతసేపూ సాస్ జారుతూ ఉండాలి, పైన నూనె తేలకూడదు. చికెన్ కోస్తే రసం కనపడాలి. కారం క్రీమ్‌లో మునిగిపోకూడదు. వీటన్నిటికన్నా కష్టమైంది ఇంకోటుంది, అత్తమ్మ కూడా తినాలి. తెల్ల సాస్ పాస్తా ఒకసారి రుచి చూసి పక్కన పెట్టేసింది ఆమె. "ఇంత తెల్లగుంటే నాకు దిగది బిడ్డా, జర కారం కానరావాలె" అంది. ఆ మాటలో న్యాయం ఉంది.

పొడి

కేజన్ వంట అమెరికాలోని లూసియానా రాష్ట్రానిది. కెనడా తూర్పు తీరంలో అకేడియా అనే ప్రాంతంలో స్థిరపడిన ఫ్రెంచివాళ్లను 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు ఊళ్లు ఖాళీ చేయించి తరిమేశారు. వాళ్లలో చాలామంది చివరికి లూసియానా చిత్తడి నేలలకు చేరారు. కేజన్లంటే వాళ్ల సంతతే. దొరికిందల్లా ఒకే కుండలో వండుకున్న పేదల వంట అది. దాన్ని ప్రపంచమంతా తెలిసేలా చేసిన వంటగాడు పాల్ ప్రుడోమ్. 1979లో న్యూ ఆర్లీన్స్‌లో తన హోటల్ తెరిచాడు. రెడ్‌ఫిష్ ముక్కను కరిగించిన వెన్నలో ముంచి, మసాలా పొడి అద్ది, కణకణలాడే ఇనుప పెనం మీద నల్లగా కాల్చే పద్ధతి ఆయనదే. దానికి ఎంత గిరాకీ వచ్చిందంటే, 1980లలో మెక్సికో సింధుశాఖలో ఆ చేప వేట మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది.

ఆ కేజన్ మసాలా పొడిలో ప్రధానమైనది పప్రికా అనే మిర్చి పొడి. ఎర్రటి రంగు, తక్కువ కారం, కాస్త తీపి వాసన. దానికి కాయెన్ మిర్చి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాలు, థైమ్, ఒరెగానో అనే ఎండు ఆకులు తోడవుతాయి. పప్రికా సీసా సూపర్ మార్కెట్‌లో దొరుకుతుంది, ఖరీదెక్కువ. అయినా మా దగ్గర చపాట మిర్చి ఉండగా సీసా ఎందుకు కొనాలి? వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లావుగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు చిక్కన, ఘాటు తక్కువ. పచ్చళ్లకు దీన్ని కోరి కొనేది అందుకే. పప్రికా చేసే పనంతా ఇది చేస్తుంది. ఏనుమాముల మార్కెట్‌కు కొత్త పంట వచ్చే రోజులు కూడా ఇవే. అరకిలో తెచ్చాను.

ముచ్చికలు తీసి, కాయను చీల్చి, లోపలి తెల్ల పొరను గింజలతో సహా తీసేశాను. కారం గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు ఘాటు తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే ఆ తెల్ల పొరలో. అది తీసేస్తే పొడి కాస్త ఎక్కువ వేసినా అంతగా మంట పుట్టదు, రంగు మాత్రం దిగుతుంది. తొక్కలను మధ్యాహ్నం ఎండలో పెడితే విరిస్తే పుటుక్కుమనేలా ఎండాయి. మిక్సీ పట్టి జల్లించాను. జల్లెడ కింద పళ్లెంలో పడిన పొడి ముదురు ఎరుపు. వేలితో రుద్దితే వేలి గీతల్లోకి రంగు ఎక్కి, రెండుసార్లు సబ్బు పెట్టినా పోలేదు. ఎండు మిర్చి రంగు కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఈ సంగతి సాస్ దగ్గర బాగా పనికొచ్చింది.

థైమ్ ఆకు నా దగ్గర లేదు. వాము ఉంది. థైమ్‌కు ఆ వాసనను ఇచ్చే థైమాల్ అనే పదార్థమే వాములోనూ ఉంటుంది, అదీ దండిగా. అందుకని చిటికెడే తీసుకుని అరచేతిలో నలిపి కలిపాను. పావు చెంచా దాటితే వాము తప్ప ఇంకేమీ తెలియదు. ఒరెగానో విడిగా కొన్నాను. పిజ్జాతో వచ్చే పొట్లాల్లో ఉప్పు, ఇతర దినుసులు కలిసి ఉంటాయి, వాటితో ఉప్పు లెక్క తప్పుతుంది.

చివరికి నిలిచిన కొలత: చపాట పొడి రెండు పెద్ద చెంచాలు, వెల్లుల్లి పొడి రెండు చిన్న చెంచాలు, ఉల్లి పొడి రెండు, మిరియాల పొడి ఒకటి, ఒరెగానో ఒకటి, గుంటూరు కారం అర, నలిపిన వాము పావు. ఉప్పు ఇందులో కలపలేదు, చికెన్‌కు విడిగా పట్టించాలి కాబట్టి.

ధనియాల పొడి, గరం మసాలా వేయమని ఈయన సలహా. నేను ఒప్పుకోలేదు. క్రీమ్, వెన్న, చికెన్ ఉన్నచోట గరం మసాలా పడిందంటే అది బటర్ చికెన్ వైపు వెళ్లిపోతుంది. బటర్ చికెన్ నాకూ ఇష్టమే, కానీ అది నాన్‌తో తినేది.

చికెన్

ఇక్కడ రెండు ప్రశ్నలు. పెరుగులో నానబెట్టాలా, పొడి మాత్రమే పట్టించాలా? బ్రెస్ట్ ముక్కా, తొడ మాంసమా?

మొదటిదానికి రెండూ పక్కపక్కన చేసి చూశాను. సగం చికెన్‌కు పెరుగు, పొడి, ఉప్పు. మిగతా సగానికి ఉప్పు, పొడి మాత్రమే. రెండూ ఒకే ఇనుప పెనం మీద, ఒకటయ్యాక ఒకటి. పెరుగు ముక్కలు పెనం మీద పడగానే నీళ్లు వదిలాయి. ఆ నీళ్లు ఇగిరేదాకా ముక్క ఉడికిందే తప్ప కాలలేదు, పైన పట్టించిన ఎరుపు కూడా ఆ నీళ్లలోకి దిగిపోయింది. తందూరిలో పెరుగు బాగా కుదిరేది అక్కడి వేడికి నీళ్లు నిలవవు కాబట్టి. మన గ్యాస్ పొయ్యి మీద పెనానికి అంత శక్తి లేదు. ఇంకో ఇబ్బంది, పెనానికి అంటుకున్న పెరుగు పులుపు. అదే పెనంలో సాస్ చేయాలి, పులుపు తగిలిన క్రీమ్ వేడికి విరుగుతుంది. పెరుగును ఈ వంటకం నుంచి తీసేశాను.

పొడి మాత్రమే పట్టించిన ముక్క చుర్రుమని అంటుకుని, కదపకుండా వదిలేస్తే నాలుగు నిమిషాల్లో తనంతట తానే పెనాన్ని వదిలింది. తిప్పి చూస్తే అంచులు నల్లబడి, మధ్యలో ఇటుకరంగు పెచ్చు. అరకిలోకు ఒక చిన్న చెంచా ఉప్పు ముందు రోజు రాత్రే రాసి ఫ్రిజ్‌లో పెట్టడం వల్ల లోపల కూడా రుచి ఉంది. ఉప్పు మాత్రమే మాంసంలోకి దిగుతుంది. మసాలా ఎన్ని గంటలు నానబెట్టినా దాదాపు పైపొరలోనే ఉండిపోతుంది. అందుకే ఉప్పు రాత్రి, పొడి వండే ముందు.

కడగడం గురించి ఒక మాట. పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడిగితే నీళ్లు చిమ్మి సింకు, పక్కనున్న గిన్నెలు కలుషితమవుతాయని ఆహార భద్రత నిపుణులు వద్దంటారు. పసుపేసి కడగని చికెన్ అత్తమ్మ ముట్టదు. మేం కుదుర్చుకున్న పద్ధతి: లోతైన గిన్నెలో నీళ్లు పోసి, చిమ్మకుండా ముంచి తీసి, ఆ గిన్నెనూ సింకునూ వెంటనే వేడి నీళ్లు, సబ్బుతో కడగడం. తర్వాత ముక్కను పేపర్ టవల్‌తో తడి లేకుండా ఒత్తాలి. తడి ఉన్న ముక్కకు పెచ్చు కట్టదు.

బ్రెస్టా, తొడా అంటే నా ఓటు తొడకే. కొట్టులో 'లెగ్ బోన్‌లెస్' అని అడిగితే ఎముక తీసి ఇస్తారు. దానిలో కొవ్వు ఉంటుంది, ఒక నిమిషం ఎక్కువ కాలినా ఎండిపోదు. కానీ పెద్దోడికి బ్రెస్ట్ ముక్కే కావాలట, నిలువుగా కోసి పైన పేర్చితే చూడ్డానికి బాగుంటుందని. వాడి భోజనం కదా, సరే. బ్రెస్ట్‌తో వచ్చే చిక్కు దాని ఆకారం. ఒకవైపు లావు, ఇంకోవైపు పలచన. లావు వైపు ఉడికేసరికి పలచన వైపు పీచైపోతుంది. కత్తిని పడుకోబెట్టి అడ్డంగా రెండు పొరలుగా చీల్చి, లావున్నచోట రోలు బండతో తట్టి, అంతటా ఒకే మందం వచ్చేలా చేశాను. వేలెడు మందానికి కాస్త తక్కువ.

వంట థర్మామీటర్ ఒకటి కొన్నాను. ముక్క నడిబొడ్డున 74 డిగ్రీల సెల్సియస్ వస్తే చికెన్ నిర్భయంగా తినొచ్చు. 71 దగ్గర పెనం మీద నుంచి తీసి పళ్లెంలో మూత పెడితే, లోపలి వేడికి అదే 74 దాటుతోంది. మా పెనం మీద రెండో వైపు మూడు నిమిషాలు పట్టింది. కోయకుండా ఐదు నిమిషాలు ఆగాలి. వేడి మీద కోస్తే రసమంతా చెక్క మీదే.

కాల్చడానికి ఉత్త వెన్న వాడలేదు. ప్రుడోమ్ పద్ధతిలో వెన్న కాలి పొగ లేస్తుంది. ఆయన హోటల్ వంటింట్లో గాలి లాగే యంత్రాలుంటాయి, మా ఇంట్లో ఒక్క చిమ్నీ. మిర్చి ఘాటుకు పక్కగదిలో చదువుకునే పిల్లలు దగ్గుతారు. వెన్నలో మాడే పాల ఘనపదార్థాలు నెయ్యిలో దాదాపు ఉండవు కాబట్టి తొందరగా మాడదు. మధ్య మంట మీద నెయ్యి, కాగాక చికెన్. నల్లమచ్చలు కొన్ని తగ్గాయి, వెల్లుల్లి పొడి మాడిన చేదు పూర్తిగా పోయింది. నాకు ఇదే నయం.

పాస్తా, దాని నీళ్లు

పాస్తా విషయంలో ఎక్కువ పరిశోధన అవసరం లేదు. పాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నది కొనాలి. మైదా కలిసినవి ఉడికేకొద్దీ పైపొర జిగురుగా మారి మెత్తబడతాయి. ఆకారం పెన్నే, ఒంటి మీద గీతలున్నది. సాస్ ఆ గీతల్లో నిలుస్తుంది.

నీళ్ల దగ్గర మాత్రం ఆగాలి. ఈ వంటకానికి ప్రాణం అందులోనే ఉందని నాకు ఈ పనిలో అర్థమైంది. వంద గ్రాములకు లీటరు నీళ్లు అని ఇటలీ లెక్క. నేను 320 గ్రాములకు రెండు లీటర్లే పెట్టాను. నీళ్లు తగ్గితే పాస్తా నుంచి దిగే పిండిపదార్థం అంత చిక్కగా ఉంటుంది. రెండు లీటర్లకు ఒక పెద్ద చెంచా ఉప్పు. చీజ్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి అంతకు మించలేదు. నూనె చుక్క కూడా వేయలేదు. ఎసట్లో వేసిన నూనె పాస్తా పైన పొరలా పట్టి సాస్‌ను జార్చేస్తుంది.

అన్నం వార్చిన గంజి ఎలా ఉంటుందో ఈ నీళ్లూ అలాగే ఉంటాయి. చల్లారితే పైన మీగడ కడతాయి. దీన్ని సింకులో పారబోసి, సాస్ చిక్కబడటానికి మళ్లీ మైదా కలపడంలో అర్థం లేదు.

పాకెట్ మీద పదకొండు నిమిషాలని ఉంది. తొమ్మిదో నిమిషంలో ఒకటి తీసి గోటితో రెండుగా తుంచాను. గోడ మధ్యలో సన్నటి తెల్ల గీత ఉంది. పంటి కింద పలుకు తగులుతోంది. తీయాల్సింది అప్పుడే. మిగతా రెండు నిమిషాలు సాస్‌లో ఉడుకుతుంది, ఉడుకుతూ సాస్‌ను లోపలికి తీసుకుంటుంది. పూర్తిగా ఉడికించి, వార్చి, చల్లని నీళ్లు పోసి పక్కన పెట్టే పద్ధతి మన పెళ్లిళ్ల పాస్తా కౌంటర్లలో చూస్తాం. వందలమందికి చేసేటప్పుడు వాళ్లకు తప్పదు. ఇంట్లో ఆ అవసరం లేదు.

సాస్

ఎక్కువ రోజులు పట్టింది దీనికే.

కేజన్ పాస్తాకు ఆధారం ఆల్‌ఫ్రెడో సాస్ అంటారు. రోమ్‌లో 1914లో సొంత హోటల్ పెట్టిన ఆల్‌ఫ్రెడో ది లేలియో పేరది. 1920లలో మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి హాలీవుడ్ తారలు అక్కడ తిని మెచ్చుకోవడంతో అమెరికాకు పాకింది. ఆయన వంటకంలో క్రీమ్ చుక్క లేదు. వెన్న, పార్మిజానో చీజ్, పాస్తా నీళ్లు, అంతే. ఆ మూడింటినీ వేడి మీద కలియబెడితే క్రీమ్‌లా తయారవుతుంది. క్రీమ్ అమెరికా వెళ్లాక చేరింది. క్రీమీగా ఉండటానికి క్రీమ్ ఎక్కువ పోయాలన్న నమ్మకం నాకు అక్కడే సడలింది. కొవ్వునూ నీళ్లనూ విడిపోకుండా పట్టి ఉంచేది ఆ పాస్తా నీళ్లలోని పిండి.

ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి రెండు గిన్నెలు పెట్టాను. మన దగ్గర అట్టడబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. అమెరికా వంటకాల్లో రాసే హెవీ క్రీమ్‌లో 36 శాతానికి తగ్గదు. కొవ్వు తగ్గేకొద్దీ క్రీమ్ మరుగు తట్టుకోలేదు. మొదటి గిన్నెలో వట్టి క్రీమ్ పోసి, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి కావాలనే మరిగించాను. అంచుల దగ్గర చిన్న రవ్వలు కనపడ్డాయి, కాసేపటికి పైన పసుపు నూనె. రెండో గిన్నెలో అదే క్రీమ్‌కు సమంగా పాస్తా నీళ్లు కలిపి, సిమ్‌లో పెట్టి, నిమ్మరసం పొయ్యి కట్టేశాక వేశాను. నున్నగా నిలిచింది. గరిటె వెనక్కి తిప్పి వేలితో గీత గీస్తే గీత గీతలాగే ఉంది.

చీజ్ సంగతి. పార్మిజానో అచ్చమైనది కొంటే జేబు ఖాళీ. తురిమిన రెండు చెంచాలు మాత్రం వాసన కోసం వేశాను. మిగతాది మామూలు ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు. వాటిని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. డబ్బా మీద 331, 339 అని ఉండేవి సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలు. చీజ్‌లోని కొవ్వు విడిపోకుండా నున్నగా కరగడానికే అవి వేస్తారు. సాస్‌కు ఆ గుణమే కావాలి. పిజ్జా మీది మొజరెల్లా ఇక్కడికి పనికిరాదు, తీగలు సాగి గరిటెకు చుట్టుకుంటుంది.

మైదా వేయించి పాలు పోసి చేసే తెల్ల సాస్‌ను చిన్నది అడిగింది, స్కూల్లో స్నేహితురాలి డబ్బాలో అదే తిన్నదట. చేసి పెట్టాను. వేడి మీద బాగానే ఉంటుంది, చల్లారగానే గట్టిపడి కారాన్ని మింగేస్తుంది. ఈ వంటకానికి వద్దనుకున్నాం.

ఇక కారం. క్రీమ్ పోశాక పైన పొడి చల్లితే పచ్చివాసన, రంగు కూడా గులాబీలా వెలిసిపోతుంది. చికెన్ కాల్చిన పెనంలోనే, మిగిలిన నెయ్యిలో ఒక చెంచా పొడి వేసి సన్నసెగ మీద పావు నిమిషం తిప్పితే రంగంతా కొవ్వులోకి దిగింది. తర్వాత క్రీమ్ పోస్తే సాస్ మొత్తం నారింజరంగు. ఘాటు కూడా కొవ్వులోనే కరుగుతుంది కాబట్టి ప్రతి ముద్దకూ సమంగా తగులుతుంది. అత్తమ్మకు చెంచాతో ఇచ్చాను. "ఇప్పుడు కూర అనిపించింది" అంది.

అన్నీ కలిపిన రాత్రి

ఐదుగురికి కొలతలు: పెన్నే 320 గ్రాములు, చికెన్ అరకిలో, నెయ్యి రెండు చెంచాలు, వెన్న 30 గ్రాములు, క్రీమ్ 200 మిల్లీలీటర్లు, చీజ్ 60 గ్రాములు, ఒక ఉల్లిగడ్డ, ఒక కాప్సికం, వెల్లుల్లి ఆరు రెబ్బలు. లూసియానాలో ఉల్లి, కాప్సికం, సెలెరీ మూడింటినీ పవిత్ర త్రయం అంటారు, దాదాపు ప్రతి కూరకూ అదే మొదలు. సెలెరీ దొరకలేదు. రెండింటితోనే కానిచ్చాను.

ఎసరు ఒక పొయ్యి మీద, ఇనుప పెనం ఇంకో పొయ్యి మీద. ముందు చికెన్ కాల్చి తీసి మూతపెట్టాను. పాస్తా ఎసట్లో పడింది అప్పుడే. పెనంలో వెన్న వేసి ఉల్లి, కాప్సికం మెత్తబడేదాకా, తర్వాత దంచిన వెల్లుల్లి, తర్వాత పొడి. పొడి పావు నిమిషం వేగగానే ఒక గరిటె పాస్తా నీళ్లు పోసి అడుగంతా గీకాను. చికెన్ వదిలిన పెచ్చుల రుచి మొత్తం అందులోకి వచ్చింది. క్రీమ్ పోసి సిమ్‌లో పెట్టి, చిల్లుల గరిటెతో పాస్తాను ఎసట్లోంచి నేరుగా పెనంలోకి ఎత్తాను. ఇంకో రెండు గరిటెల నీళ్లు. రెండు నిమిషాలు ఆపకుండా తిప్పి, పొయ్యి కట్టేశాకే చీజ్. చికెన్ పళ్లెంలో ఊరిన రసాన్ని కూడా పోసేశాను.

దించేటప్పుడు సాస్ కాస్త పలచగా కనపడాలి. వడ్డించే లోపు పాస్తా ఇంకా పీల్చుకుంటుంది. ఇక్కడ భయపడి చిక్కబరిస్తే పళ్లెంలోకి వచ్చేసరికి ముద్దే.

చికెన్ నిలువుగా కోసి పైన పేర్చి, నిమ్మకాయ పిండి, ఉల్లికాడలు చల్లాను. పెద్దోడు రెండోసారి పెట్టించుకున్నాడు. చిన్నది కాప్సికం ఏరి నాన్న పళ్లెంలో వేసింది. అత్తమ్మ తన పళ్లెంలో ఇంకో చిటికెడు పొడి చల్లుకుని మొత్తం తిన్నది, తర్వాత పెరుగన్నం మాత్రం మానలేదు.

ఇంకా మిగిలినవి

పొద్దునకు ఒక గిన్నెడు మిగిలింది. మైక్రోవేవ్‌లో పెడితే నూనె తేలింది. మిగతా సగాన్ని పెనంలో పావు గ్లాసు పాలు పోసి సన్నసెగ మీద తిప్పితే సాస్ తిరిగి వచ్చింది, చికెన్ మాత్రం కాస్త గట్టిపడింది. ఈసారి చికెన్ విడిగా తీసి పెడతాను.

పొడి గాజు సీసాలో ఫ్రిజ్‌లో ఉంది. బయట వెలుతురులో పెడితే చపాట రంగు వెలుస్తుంది. తర్వాత రొయ్యలతో చేయాలని ఉంది. రొయ్య మూడు నిమిషాల్లో ఉడుకుతుంది కాబట్టి పాస్తా ఎసట్లో సగం ఉడికాకే పెనం వేడిచేయాలి. తలలు, పొట్టు నెయ్యిలో వేయించి ఆ నెయ్యితోనే సాస్ మొదలుపెడితే రంగు ఇంకా చిక్కగా వస్తుందేమో చూడాలి.